గాలి లెక్క తేలేదాకా: ఇంట్లోనే మస్టాంగ్‌కు సూపర్‌ఛార్జర్ బిగించిన నా అనుభవం

ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువ పోయడం కష్టమైన పని కాదు. పెద్ద ఇంజెక్టర్ పెడితే ఎక్కువే పోస్తుంది. ఆ పెట్రోలును కాల్చడానికి కావలసినంత గాలిని సిలిండర్‌లోకి చేర్చడమే కష్టం. నా 2016 ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో ఉన్నది కయోట్ అని పేరుపడిన 4,951 సీసీల వీ8 ఇంజన్. నిమిషానికి 6,500 చుట్లు తిరిగేటప్పుడు అది పీల్చగల గాలి లెక్క ప్రకారం నిమిషానికి సుమారు పదహారు వేల లీటర్లు. కంపెనీ చెప్పిన 435 హార్స్‌పవర్ అంతా ఆ గాలి చలవే. అంతే చోటులోకి బయటి వాతావరణం కంటే ఎక్కువ ఒత్తిడితో మరింత గాలిని కుక్కడం సూపర్‌ఛార్జర్ పని.

దాన్ని మా గ్యారేజీలో, మా బావమరిది సాయంతో నేనే బిగించుకున్నాను. అతను హ్యూస్టన్‌లో మెకానికల్ ఇంజనీరు. మాది డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో. ఈ పని చూసినవాళ్లు, విన్నవాళ్లు అందరూ బోల్టుల గురించే అడిగారు. బోల్టులు బిగించడం ఇందులో సులువైన సగం, దానికి కిట్‌తో పాటు వచ్చే పుస్తకం ఉంది. లోపలికి వెళ్తున్న ప్రతి గ్రాము గాలీ కారు కంప్యూటర్ లెక్కలోకి వచ్చేలా చూడటం రెండో సగం. దానికి పుస్తకం లేదు. అందుకే ఆ సగం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ముందు ఏ రకం సూపర్‌ఛార్జర్ అన్నది తేల్చుకోవాలి. వాటిలో అన్నిటికన్నా పాత పద్ధతికి మూలం అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు. వాళ్లు 1860లో పేటెంటు తీసుకున్న యంత్రం కార్ల కోసం కాదు, అప్పటికి కారే లేదు. ఒకదానితో ఒకటి పెనవేసుకుని తిరిగే రెండు రోటర్లతో గాలిని ఒక పక్కనుంచి మరో పక్కకు నెట్టే ఊదుడు యంత్రం అది. నేను తీసుకున్న కిట్‌లో ఆ కుటుంబానికే చెందిన ఆధునిక యూనిట్ ఉంది: ఈటన్ కంపెనీ టీవీఎస్ రకం, నాలుగేసి రెక్కలు, 160 డిగ్రీల మెలిక ఉన్న రోటర్లు, ఒక చుట్టుకు 2.3 లీటర్ల గాలి. ఇంకొకటి, ఫ్యాను లాంటి చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ రకం. దాని బరువు తక్కువ, వేడి తక్కువ, బిగించడమూ తేలిక. కానీ దాని ఒత్తిడి ఇంజన్ వేగంతో పాటు పెరుగుతూ పోతుంది, కాబట్టి అసలు బలం పై వేగాల్లోనే తెలుస్తుంది. నాకు రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, ఊరి రోడ్డు మీద, మూడో గేరులో తెలిసే బలం కావాలి. అందుకే వేడి ఎక్కువని తెలిసినా రోటర్ల రకమే ఎంచుకున్నాను. ఆ వేడి సంగతి తర్వాత చెబుతాను.

కిట్‌కు కాలిఫోర్నియా కాలుష్య నియంత్రణ బోర్డు ఇచ్చే అనుమతి సంఖ్య ఉందా లేదా అన్నది ధర కంటే ముందు చూశాను. టెక్సస్‌లో ఆ సంఖ్య తప్పనిసరి కాదు. అయితే కాలుష్య పరికరాలను చెడగొట్టడం అమెరికా అంతటా చట్టవిరుద్ధం, ఆ సంఖ్య ఉన్న కిట్‌తో ఆ భయం ఉండదు. ఇండియాలో ఉన్న మిత్రులకు ఒక మాట. మస్టాంగ్ జీటీని 2016 నుంచి కొన్నేళ్లు అక్కడ కూడా అమ్మారు, హైదరాబాద్ రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇలా మార్చడానికి ఒప్పుకోదు. అక్కడ రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని తలపెట్టకండి.

పానా పట్టుకునే ముందు నేను చేసిన పని కొలతలు తీసుకోవడం. ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందుగా చెప్పేది ఇదే. ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేశాను, అన్నీ దగ్గర దగ్గరగా వచ్చాయి. తర్వాత కారు కంప్యూటర్‌లోని అంకెలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించి, బండి మామూలుగా ఉన్నప్పటి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు రాసి పెట్టుకున్నాను. ఈ ట్రిమ్ అన్నదాన్ని కాస్త వివరించాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గాలి దారి మొదట్లో ఉండే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లోపలికి వచ్చే గాలి బరువును కొలుస్తుంది. కంప్యూటర్ దానికి తగినంత పెట్రోలు పోస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్లు కాలిన తర్వాత ఎంత ఆక్సిజన్ మిగిలిందో చెబుతాయి. ఎక్కువ మిగిలితే పెట్రోలు కొంచెం పెంచుతుంది, తక్కువ మిగిలితే తగ్గిస్తుంది. ఆ సవరణ శాతమే ట్రిమ్. వీ ఆకారపు ఇంజన్‌లో కుడి వరుసకు, ఎడమ వరుసకు ట్రిమ్ విడివిడిగా ఉంటుంది. నా కారులో రెండు వరుసలూ సున్నాకు మూడు శాతం అటూ ఇటూ ఉన్నాయి. అంటే సెన్సర్లు బాగున్నాయి, పొగ గొట్టాల్లో చిల్లులు లేవు, కొలిచిన గాలి తప్ప దొంగగాలి లోపలికి రావడం లేదు.

ఊడదీయడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ తీయడం, అంతకు ముందే ఇంధన పంపు ఫ్యూజు లాగి ఇంజన్ దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి పైపుల్లో ఒత్తిడి తీసేయడం, పక్కన పెట్రోలు మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్ పెట్టుకోవడం. ఈ మూడింటిలో ఏదీ వదలకూడదు. గాలిని సిలిండర్లకు పంచే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైకి లేవగానే, సిలిండర్ల పైమూత అయిన హెడ్ మీద ఎనిమిది రంధ్రాలు నోళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. వాటిలో చిన్న నట్టు పడినా ఇంజన్ విప్పాల్సి వస్తుంది. వెంటనే ఒక్కో రంధ్రాన్నీ టేపుతో మూసి, ఆ తర్వాతే హెడ్ ముఖాన్ని నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచాం.

సూపర్‌ఛార్జర్, దాని కింది అల్యూమినియం మానిఫోల్డ్ కలిపి ఎత్తి పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు వంగి పెట్టగలరేమో కానీ, పెట్టేటప్పుడు అతుకులో గాలి కారకుండా ఆపే కింది గాస్కెట్ జరిగితే పైనుంచి కనిపించదు. ఇంజన్ లేపే చేతి క్రేన్ అద్దెకు తెచ్చి, బెల్టులతో వేలాడదీసి, వేలి మందం చొప్పున దించాం. బావమరిది ఒక పక్క, నేను ఒక పక్క టార్చి పట్టుకుని గాస్కెట్ అంచులు చూస్తూనే ఉన్నాం. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, పుస్తకంలోని వరుసలో, రెండు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాం. అల్యూమినియం హెడ్‌లో ఆ చిన్న బోల్టులకు చెప్పిన బిగువు 10 న్యూటన్ మీటర్లే. చేతి అంచనాతో బిగిస్తే మర తెగుతుంది.

స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం వేశాం. ఒత్తిడి పెరిగిన గాలిలో నిప్పురవ్వ దూకడం కష్టం కాబట్టి వాటి ఖాళీని 0.035 అంగుళానికి తగ్గించాం. పాత ఇంజెక్టర్ల స్థానంలో గంటకు 47 పౌండ్ల పెట్రోలు పోయగలవి వచ్చాయి. ప్రతి ఇంజెక్టర్ ఓ-రింగుకూ శుభ్రమైన ఇంజన్ ఆయిల్ ఒక చుక్క రాసి నొక్కితే అది నలగకుండా కూర్చుంటుంది. ముందు బంపర్ తీసి రేడియేటర్ ముందు మరో చిన్న రేడియేటర్ పెట్టాం. సూపర్‌ఛార్జర్‌లో వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌లో తిరిగే నీటిని చల్లబరచడానికి అది. దానికి వేరే కూలెంట్ తొట్టి, వేరే ఎలక్ట్రిక్ పంపు, రిలే ఉన్నాయి. తీగలు లాగిన చోటల్లా వేడికి తట్టుకునే గొట్టం తొడిగాం, ఎందుకంటే ఎగ్జాస్ట్ పక్కన కరిగిన తీగ తెచ్చిపెట్టే లోపం వెతికినా దొరకదు.

స్టార్ట్ చేసే ముందే కంప్యూటర్‌లోకి కొత్త లెక్కలు ఎక్కించాలి. పాత లెక్కలతో పెద్ద ఇంజెక్టర్లు నడిస్తే పెట్రోలు పొంగి ప్లగ్గులు తడిసిపోతాయి. ఎక్కించేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోకుండా ఛార్జర్ తగిలించి ఉంచాను. తర్వాత తాళం ఆన్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ పైపుల్లోకి పెట్రోలు ఎక్కించి, ఇంజెక్టర్ల చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూశాం. ఎక్కడా తడి లేదు. అప్పుడు స్టార్ట్ చేశాను. ఇంజన్ వెంటనే అందుకుంది, రోటర్ల సన్నని ఊళ మొదటిసారి వినిపించింది. ఆ చప్పుడు విన్న ఆనందం ఇప్పటికీ నాలో ఉంది.

అయితే ఖాళీగా నిలబడ్డప్పుడు ఇంజన్ నడకలో ఏదో చిన్న తడబాటు. అది వినిపించేదికాదు, సీటులో కూర్చుంటే ఒంటికి తెలిసేది. మర్నాడు ఇంజన్ దీపం వెలిగింది. చాలా లోపాల విషయంలో కంప్యూటర్ వరుసగా రెండు ప్రయాణాల్లో అదే తప్పు చూస్తేనే దీపం వెలిగిస్తుంది, కాబట్టి ఆ తడబాటు నా భ్రమ కాదని తేలింది. కోడ్ పీ0174. రెండో వరుసలో పెట్రోలుకు మించిన గాలి ఉందని దానర్థం. ఫోర్డ్ లెక్కలో ఒకటి నుంచి నాలుగు సిలిండర్లు ప్రయాణికుడి వైపు, అది మొదటి వరుస. ఐదు నుంచి ఎనిమిది డ్రైవరు వైపు, అది రెండోది. స్కానర్‌లో మొదటి వరుస ట్రిమ్ రెండు శాతం, రెండోది పదిహేడు శాతం.

బావమరిదికి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి ప్రశ్న, "బావా, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ఆ పదిహేడు ఎంతవుతోంది?" పట్టి చూశాను. మూడుకు పడిపోయింది.

ఆ ఒక్క కొలతలో సగం జవాబు ఉంది. ఖాళీగా నిలబడ్డ ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ, ఇంత పెద్ద వీ8 కూడా సెకనుకు కొద్ది గ్రాములే తీసుకుంటుంది. అక్కడ ఒక గ్రాము దొంగగాలి చేరితే లెక్క పదిహేను ఇరవై శాతం తప్పుతుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద, సూపర్‌ఛార్జర్‌తో, అదే ఇంజన్ సెకనుకు నాలుగైదు వందల గ్రాములు మింగుతుంది. అక్కడ ఆ ఒక్క గ్రాము ఎవరి కంటా పడదు. పైగా గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే మానిఫోల్డ్‌లో శూన్యం గట్టిగా ఉండి, చిల్లు గుండా గాలిని లాగుతుంది. చిల్లర కొట్టు గల్లాపెట్టెలో పది రూపాయలు తేడా వస్తే వెంటనే తెలుస్తుంది, బ్యాంకులో అదే తేడా కనిపించదు, ఇదీ అంతే. అదే ఇంజెక్టర్ మూసుకుపోవడమో, ఇంధన ఒత్తిడి తగ్గడమో అయితే వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది కాబట్టి ఇది గాలి చిల్లే.

మిగిలిన సగం జవాబు రెండు వరుసల మధ్య తేడాలో ఉంది. బ్రేకు బూస్టర్ గొట్టమో, క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టమో, ఎయిర్‌ఫ్లో సెన్సర్ తర్వాతి జాయింటో కారితే ఆ గాలి రెండు వరుసలకూ పంచుకుపోతుంది, రెండు ట్రిమ్‌లూ కలిసి పెరుగుతాయి. ఒక్క వరుసే పెరిగిందంటే గాలి పంపకం అయిపోయిన తర్వాత, ఒక్క సిలిండర్ దారిలో చిల్లుండాలి. లేదా ఆ వైపు ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెబుతుండాలి, కాకపోతే ఆ వైపు పొగ గొట్టంలో చిల్లుండాలి. చివరి రెండింటినీ కొట్టేయడానికి మొదట్లో రాసి పెట్టుకున్న అంకెలు పనికొచ్చాయి. సెన్సర్లను, పొగ గొట్టాలను మేం తాకలేదు, అంతకు ముందు రెండు వరుసలూ సమానంగా ఉన్నాయి. స్కానర్‌లో మోడ్ 6 అనే విభాగం ఒకటుంది, ఏ సిలిండర్ ఎన్నిసార్లు నిప్పు తప్పిందో అందులో విడివిడిగా చూడవచ్చు. ఏడింటికి దాదాపు సున్నా. ఎనిమిదో సిలిండర్ లెక్క మాత్రం పెరుగుతూ ఉంది. ఎనిమిదోది డ్రైవరు వైపు అన్నిటికంటే వెనక, ఇంజన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌ను ఆనుకుని ఉంటుంది.

ఇలాంటప్పుడు కొందరు నడుస్తున్న ఇంజన్ మీద బ్రేకు క్లీనరో, మండే గ్యాసో చల్లి నడకలో మార్పు కోసం చూస్తారు. వేడి ఎగ్జాస్ట్‌కు జానెడు దూరంలో మండే ద్రవం చల్లే పద్ధతిని నేను ఇంట్లో చేయను, మరొకరిని చేయనివ్వను. పొగ యంత్రం అద్దెకు తెచ్చాను. నూనెను వేడిచేసి పుట్టించిన తెల్లని పొగను చాలా తక్కువ ఒత్తిడితో ఇన్‌టేక్‌లోకి పంపుతుంది, చిల్లున్న చోట పొగ బయటికి వస్తుంది. చల్లని ఇంజన్ మీద ఎంతసేపు పెట్టినా ఎక్కడా పొగ రాలేదు. అక్కడ నేను దాదాపు సెన్సర్ మార్చడానికి సిద్ధపడ్డాను. వారాంతానికి హ్యూస్టన్ నుంచి వచ్చిన బావమరిది ఒప్పుకోలేదు. "ట్రిమ్ చల్లగా ఉన్నప్పుడు పెరుగుతోందా, వేడెక్కాకా?" అని అడిగాడు. స్కానర్ నమోదు చేసిన అంకెల ఫైలు, అంటే లాగ్, తెరిచి చూస్తే, వేడెక్కాకే. "మరి పొగ చల్లని ఇంజన్‌కు ఎందుకు పెట్టావు?"

అరగంట తిప్పి, ఇంజన్ ఆపి, అదే వేడి మీద పొగ పెట్టాం. ఫైర్‌వాల్ వెనక నుంచి, వెంట్రుకంత పొగ. ఫోను కెమెరాను కడ్డీకి కట్టి లోపలికి దించితే, మానిఫోల్డ్ హెడ్‌తో కలిసే చోట ఎనిమిదో రంధ్రం కింది మూల నుంచి వస్తున్నట్లు స్పష్టంగా కనిపించింది. అల్యూమినియం వేడికి సాగుతుంది, ఆ సాగుదలలో అతుకు సన్నగా తెరుచుకుంటోంది.

అంటే సూపర్‌ఛార్జర్ మొత్తం మళ్లీ పైకి లేపాలి. కూలెంట్ తీయాలి, ఇంధన పైపులు విప్పాలి, క్రేన్ మళ్లీ తేవాలి. చేశాం. మానిఫోల్డ్ తిరగేసి చూస్తే కారణం చాలా చిన్నది. గాస్కెట్ కూర్చునే గాడిలో, ఎనిమిదో రంధ్రం మూల దగ్గర, పోత పోసినప్పుడు మిగిలిన లోహపు పలుకు ఒకటి ఉంది. వేలితో రాస్తే తగులుతుంది, కంటికి సరిగా కనిపించదు. దానివల్ల గాస్కెట్ ఆ మూలలో కాస్త పైకి లేచి, నలిగి, వేడికి పట్టు తప్పింది. ఫొటోలు పంపితే కిట్ అమ్మినవాళ్లు మాట్లాడకుండా కొత్త గాస్కెట్లు పంపారు, ఆ పలుకును ఎలా తీయాలో కూడా చెప్పారు. మానిఫోల్డ్‌ను కారుకు దూరంగా బల్ల మీద పెట్టి, గాలి దారులన్నీ మూసి, సన్నని ఆకురాయితో ఆ పలుకును మాత్రమే తీసి, కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాం. మిగతా ఏడు గాళ్లనూ గోటితో తడిమి చూశాం. కొత్తగా తెచ్చిన మానిఫోల్డ్ ఏదైనా సరే, గాడి పొడవునా గోరు నడిపించి చూడటం ఇప్పుడు నేను అందరికీ చెప్పే మాట. ఏ పుస్తకంలోనూ అది లేదు.

తిరిగి బిగించాక ట్రిమ్‌లు రెండు వరుసల్లోనూ మూడు శాతం లోపు వచ్చాయి. ఎనిమిదో సిలిండర్ నిప్పు తప్పడం ఆగింది. సీటులో కూర్చుంటే ఆ తడబాటు పోయింది.

ఇప్పుడు వేడి సంగతి. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది, ఏ యంత్రమూ దాన్ని తప్పించలేదు. టెక్సస్ వేసవిలో బయట 38 డిగ్రీలుంటే, 8 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర, రోటర్ల సామర్థ్యం కూడా లెక్కలోకి తీసుకుంటే గాలి దాదాపు వంద డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని దించకపోతే నిప్పురవ్వ అంటించిన మంట తనదాకా వచ్చేవరకు ఆగకుండా మిగిలిన పెట్రోలు తనంతట తానే పేలుతుంది. నాకింగ్ అంటే అదే. 11:1 కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు అది ప్రాణాంతకం. అందుకే ఇక్కడ పంపులో దొరికే 93 ఆక్టేన్ తప్ప వేరేది పోయను. ఇండియాలో పంపు మీద కనిపించే 91, 95 వేరే పద్ధతిలో లెక్కగట్టినవి, ఆ లెక్కలో ఇక్కడి 93 సుమారు 98 అవుతుంది. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మొదటి ప్రయాణాల్లో సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు ఇన్‌టేక్ గాలి 70 డిగ్రీలు దాటుతోంది. పంపు చప్పుడు వినిపిస్తోంది, ఫ్యూజు బాగుంది. అయినా ముందు రేడియేటర్‌కు వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం రెండూ ఒకే వేడిగా ఉన్నాయి. తొట్టి మూత తీస్తే నీటిలో కదలిక లేదు. పంపు తిరుగుతోంది కానీ దాని ముందు గాలి బుడగ చిక్కుకుంది. మామూలుగా పోసి, మూత తీసి నడిపితే ఆ బుడగ ఎప్పటికీ బయటికి రాదు, ఎందుకంటే ఇంటర్‌కూలర్ తొట్టి కంటే ఎత్తులో ఉంది. వాక్యూమ్‌తో నింపే పరికరం ఒకటి దొరుకుతుంది: ముందు వ్యవస్థలోని గాలినంతా లాగేసి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూసి, అప్పుడు కూలెంట్ గొట్టం తెరిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. ముల్లు నిలవడమే చిల్లు లేదనడానికి సాక్ష్యం కూడా. అలా నింపాక అవే సిగ్నళ్ల దగ్గర 55 దాటలేదు, హైవే మీద బయటి వేడికి పది పన్నెండు డిగ్రీలు పైనే ఉంటోంది.

తర్వాతిది సూపర్‌ఛార్జర్‌ను తిప్పే బెల్టు. దీని సంగతి కూడా లాగ్ ఫైలే చూపించింది. ఒత్తిడి 5,500 ఆర్‌పీఎం దాకా 8 పీఎస్‌ఐ దగ్గర ఉండి, ఆరు వేలు దాటాక ఆరున్నరకు జారుతోంది. బెల్టు జారితే అలాగే ఉంటుంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ పక్కన నల్లని పొడి కూడా కనిపించింది. నిటారు ఉక్కు పట్టీ ఆనించి చూస్తే కొత్త ఐడ్లర్ పుల్లీ మిగతావాటి కంటే మిల్లీమీటరున్నర ముందుకు ఉంది. సన్నని వాషర్లతో సరిచేశాం, పొడి ఆగింది, ఒత్తిడి చివరిదాకా నిలిచింది.

ఇన్ని రోజులూ నేను పూర్తి యాక్సిలరేటర్ తొక్కలేదు. కొందరికి ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఇదొక్కటే ఈ పనిలో బేరానికి వీలులేని నియమం. ఖాళీగా నిలబడ్డప్పుడు ట్రిమ్‌లు తేలాలి. తర్వాత నిలకడ వేగంలో లాగ్. తర్వాత సగం యాక్సిలరేటర్ లాగ్. ప్రతిసారీ ఆ ఫైలును కంప్యూటర్ లెక్కలు సరిచేసే ట్యూనర్‌కు పంపి, అతను సరిచేసి పంపినది ఎక్కించి, మళ్లీ లాగ్. ఒత్తిడి కింద నేను చూసే అంకెలు నాలుగు. ఒకటి, గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తిని చెప్పే లాంబ్డా అంకె, కంప్యూటర్ కోరినదీ సెన్సర్ చూపినదీ ఒకటేనా అన్నది, మా లెక్కలో 0.81 దగ్గర. రెండు, నాక్ సెన్సర్ మాట విని కంప్యూటర్ టైమింగ్‌ను, అంటే నిప్పురవ్వ వేసే సమయాన్ని, వెనక్కి లాగుతోందా. మూడు, ఇంధన ఒత్తిడి పడిపోతోందా. నాలుగు, ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి. వీటిలో ఒక్కటి గీత తప్పినా పాదం తీసేయాలి. పూర్తి యాక్సిలరేటర్ పరుగులు రోడ్డు మీద చేయలేదు, ఊళ్లోని డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే యంత్రం) అద్దెకు తీసుకుని అక్కడే చేశాం.

కిట్ పెట్టకముందు అదే డైనో మీద చక్రాల దగ్గర 378 హార్స్‌పవర్ చూపింది. ఇప్పుడు 561. కానీ నేను ఎక్కువసేపు చూసింది ఆ అంకెను కాదు, పక్కనున్న లాంబ్డా గీతను. కోరిన గీత, వచ్చిన గీత ఒకదానిమీద ఒకటి పడి, రెండున్నర వేల నుంచి 6,800 దాకా ఒకే గీతలా ఉన్నాయి. నాక్ వల్ల వెనక్కి లాగిన టైమింగ్ సున్నా. బావమరిది స్క్రీను ఫొటో తీసుకుని, "ఇప్పుడు తొక్కు బావా" అన్నాడు.

మిగిలింది ప్రభుత్వ పరీక్ష. టెక్సస్‌లో 2025 నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు కానీ డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష కొనసాగుతోంది. కంప్యూటర్‌లో కొత్త లెక్కలు ఎక్కించిన ప్రతిసారీ దాని స్వీయ పరీక్షల ఫలితాలు చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి కార్లలో అవి ఒక్కటి తప్ప అన్నీ పూర్తయి ఉంటేనే పరీక్ష కేంద్రం ఒప్పుకుంటుంది. పెట్రోలు ఆవిరి వ్యవస్థ పరీక్ష అన్నిటికంటే మొండిది: ట్యాంకు 15 శాతానికి, 85 శాతానికి మధ్య ఉండాలి, బండి రాత్రంతా చల్లబడి ఉండాలి, తర్వాత హైవే మీద నిలకడగా నడవాలి. గ్యారేజీలోంచి తెల్లవారుజామున తీసి, డాలస్ నార్త్ టోల్‌వే మీద ఒకే వేగంతో వెళ్లి వచ్చాక అది కూడా పూర్తయింది. కాటలిటిక్ కన్వర్టర్లు కంపెనీవే, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పరీక్షలో మొదటిసారే నెగ్గింది. వచ్చే చలికాలంలో ప్లగ్గులు తీసి రంగు చూడాలి, బెల్టు మార్చాలి, ఇంటర్‌కూలర్ కూలెంట్ మళ్లీ వాక్యూమ్‌తో నింపాలి. అప్పటిదాకా వారానికొకసారి రెండు వరుసల ట్రిమ్‌లు చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాను.